ఇంటికి వచ్చే పార్సెలు – చలికాలపు తోట

గత సంవత్సరం జనవరి 26వ తేదీన జెండా వందనానికి విచ్చేసిన పెద్దలు గ్రంథాలయం వెనుక ఉన్న మన ఆరు మడులను చూచి, మర్యాదకొరకు ఏమీ అనక ముందుకు సాగినారు. నాలుగు మడులలో ఆకులున్నవి, పూలు లేవు. మిగిలిన రెండింటిలో ఆకులు సైతం లేవు. ఆ తోట కొరకు ప్రకృతి సంఘం విద్యార్థులు 68 మంది, తలకు 50 రూపాయల చొప్పున, 3,400 రూపాయలు మా చేతికి ఇచ్చినారు. ఆ సొమ్ములో చాలా భాగం తమ జేబు ఖర్చు మానుకొని ఇచ్చినదే. దానిని మేము ఫోను మీద వస్తువులు తెప్పించుటకు వెచ్చించినాము. తులిప్ దుంపలకు 600, రంగురంగుల గులాబీ విత్తనాలకు 250, పూల, కూరల విత్తనాలకు 900, ఎనిమిది గులాబీ మొక్కలకు 1,200, కొబ్బరి పొట్టుకు, వేపపిండికి కలిపి 450. లెక్క సరిపోయినది, తోట మాత్రం రాలేదు. ఏలయన, తోటను గురించి మాకు తెలిసినది తక్కువ, కొనుగోలును గురించి తెలిసినది మరీ తక్కువ. ఈ వ్యాసం విద్యార్థులకు, నిర్వాహక సంఘానికి మేము సమర్పించుకొనే సంజాయిషీ. ఈ సంవత్సరం మేము నేర్చుకొన్న దాని వివరణ కూడా.

మొట్టమొదటి పొరపాటు చలికాలమన్న మాటను అర్థం చేసికొనుటలోనే జరిగినది. చలికాలానికి తోటను సిద్ధం చేయుట అని ఫోనులో వెదకితే వచ్చే సలహాలలో చాలా భాగం మంచు కురిసే దేశాలవి. అక్కడ సిద్ధం చేయుటయనగా తోటను నిద్రపుచ్చుట. డాలియా దుంపలను త్రవ్వి తీసి లోపల దాచుతారు. గులాబీ మొదళ్ళ చుట్టూ మట్టిని, ఎండుటాకులను కప్పుతారు. నీటి గొట్టాలను ఖాళీ చేస్తారు, ఏలయన నీరు గడ్డకట్టి గొట్టాలు పగులుతవి. మన కాశ్మీరంలోనూ పద్ధతి ఇంచుమించు ఇంతే. మన దక్కను పీఠభూమిలో సంగతి తలక్రిందులు. ఇక్కడ చలికాలం తోటకు మేలుకొలుపు. తోటకు కష్టకాలం మనకు ఏప్రిల్, మే నెలలు. నైరుతి వానలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, రాత్రులు చల్లబడే అక్టోబరు మొదలు ఫిబ్రవరి మధ్య వరకు మనకు పూలకాలం. హైదరాబాదులో నేల గడ్డకట్టదు, గులాబీకి దుప్పటి అక్కరలేదు. ఆదిలాబాదు వైపు, లంబసింగి, అరకు కొండల మీద చలి గట్టిగానే పడుతుంది గాని, అదియును ఐరోపా చలి కాదు. కోస్తా జిల్లాల వారికి మరొక చిక్కు కలదు. ఈశాన్య ఋతుపవనాలు, తుపానులు అక్టోబరు, నవంబరులలో వస్తవి గనుక అక్కడ లేత నారును భారీ వానలనుండి కాపాడుకొనుటయే సగం పని. కావున ఒకే సలహా శ్రీనగరానికి, సికింద్రాబాదుకు, మచిలీపట్నానికి సరిపడదు.

ఈ భేదం తెలియకనే తులిప్ దుంపలు తెప్పించినాము. తులిప్ గడ్డలోపలి మొగ్గ కాడ సాగుటకు దానికి సుమారు 12 వారాలు, అంతకు పైగా గట్టి చలి తగలాలి. శ్రీనగరంలో 2007లో ప్రారంభించిన తులిప్ తోట మార్చి, ఏప్రిల్ నెలలలో వికసించుటకు కారణం అక్కడి మంచుకాలమే. మన డిసెంబరు పగటి ఎండ ఆ దుంపకు వేసవితో సమానం. ఆరు దుంపలలో మూడు కుళ్ళినవి, రెండు ఆకు మాత్రం చూపినవి. ఆరవది ఏమైనదో చెప్పవలెనంటే మా ఇంటి సంగతి చెప్పాలి. పార్సెలు విప్పి వంటింటి గట్టు మీద పెట్టగా, అమ్మ దానిని ఉల్లిగడ్డ అనుకొని సగం పొట్టు తీసినది. “ఇదేం ఉల్లిగడ్డ నాయనా, ఘాటే లేదు” అని అడిగినప్పుడు దాని వెల నూరు రూపాయలని చెప్పే ధైర్యం మాకు కలుగలేదు.

రంగురంగుల గులాబీ విత్తనాల కథ ఇంతకన్న హీనం. నీలం, నలుపు, ఇంద్రధనుస్సు రంగుల గులాబీల బొమ్మలు చూచి విద్యార్థులు ముచ్చటపడినారు, మేము వారించలేదు. తోట గులాబీలను విత్తనంతో పెంచితే తల్లి పువ్వు తిరిగి రాదు, అందుకే అంటుకట్టుట. ఇక నీలి గులాబీ అన్నది ప్రకృతిలో లేదు. జపానులోని సన్‌టోరీ సంస్థ జన్యువులను మార్చి ఎన్నో ఏండ్లు శ్రమించి, 2009లో అమ్మకానికి పెట్టిన పువ్వు సైతం లేత ఊదారంగుదే. మరి 250 రూపాయలకు వచ్చిన ఆ పొట్లంలో ఏమున్నదనగా, ఏవో గింజలున్నవి. మొలచిన నాలుగింటిని మాలి చూచి కలుపు మొక్కలని పెరికివేసినాడు.

అయితే దూరంనుండి మొక్కలను, విత్తనాలను తెప్పించుకొనుట వింత పని కాదు, కొత్త పనియును కాదు. విలియం రాక్స్‌బర్గ్ పద్దెనిమిదవ శతాబ్ది చివర మన సామర్లకోటలో తోట వేసి మిరియం వంటి మొక్కలను పెంచి చూచినాడు. అటుపిమ్మట 1793లో కలకత్తా తోటకు వెళ్ళినాడు. ఆనాడు ఓడమీద మొక్కను పంపితే ఉప్పుగాలికి, దాహానికి దారిలోనే చచ్చేది. లండనులో నథానియేల్ వార్డ్ అనే వైద్యుడు మూతపెట్టిన గాజుపాత్రలో మొక్క తన తేమతో తానే బ్రతుకుటను గమనించి, 1833లో గాజు పెట్టెలలో మొక్కలను ఆస్ట్రేలియా వరకు పంపి చూచినాడు. ఆ పెట్టెలలోనే రాబర్ట్ ఫార్చ్యూన్ చైనానుండి తేయాకు విత్తనాలను మట్టిలో చల్లి మన దేశానికి పంపగా, అవి ప్రయాణంలోనే మొలకెత్తినవి. నేడు గులాబీ మొక్క వేరుకు తడి పొట్టు చుట్టి, కాగితపు గొట్టంలో నిలబెట్టి పంపే వారు చేయుచున్నది వార్డ్ చేసిన పనియే.

వస్తువు చేరిన పిమ్మట డబ్బు చెల్లించే పద్ధతియును పాతదే. తపాలా శాఖ వి.పి.పి. పేర 1877లోనే దానిని మొదలుపెట్టినది. చిరునామాకు ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణకర్ తపాలా ఉద్యోగి మాత్రమే కాక సంస్కృత కవి కూడా. అందులో మొదటి అంకె 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలు. మొదటి రెండంకెలు 50 అయితే తెలంగాణ. చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. బట్వాడా అన్న మాట మన ఉర్దూ విద్యార్థులకు చుట్టమే. పంపకమన్న అర్థమున్న బట్‌వారాకు అది సోదరి. నేడు డెలివరీ అన్న మాట వచ్చి దానిని మూలకు నెట్టినది. ఈ అంకెలు సరిగా వ్రాసినా మన గల్లీలలో పార్సెలు చేరుట కష్టమే. మా చిరునామాలో మసీదు వెనుక అని ఉన్నది. ఆ పిన్‌కోడు హద్దులో మసీదులు చాలా ఉన్నవి! ఈ సంవత్సరం కళాశాల పేరు, గేటు ఏ వీధివైపు ఉన్నదో, ఏ వేళకు గేటు తెరచియుంటుందో కూడా వ్రాసినాము. ఆ ఒక్క వాక్యం వలన కలిగిన మేలు తక్కువ కాదు.

గులాబీ మొక్కల సంగతి చెప్పాలి. గత సంవత్సరం అవి శుక్రవారం మధ్యాహ్నం వచ్చినవి. మేము నమాజుకు వెళ్ళియున్నాము. కాపలాదారు తీసికొని తన గదిలో, రేకుల కప్పు క్రింద, పెట్టెను అడ్డంగా పెట్టినాడు. శనివారం ఏదో సెలవు, మరునాడు ఆదివారం. సోమవారం విప్పగా ఆకులు పండి రాలినవి, వేరు దగ్గర పొట్టు ఎండినది. అమ్మకందారును నిందించుటకు సిద్ధపడుచుండగా, మరొక అధ్యాపకుని పార్సెలు ఇచ్చుటకు వచ్చిన కుర్రవాడు గేటు దగ్గర నిలబడి, “అస్సలాము అలైకుం సార్, గుర్తుపట్టిన్రా?” అన్నాడు. నాలుగేండ్ల క్రితం మా తరగతిలో రెండవ బల్లమీద కూర్చున్న విద్యార్థి. మూట వీపున ఉండగానే వంగి ఒక కొమ్మను గోటితో గీకి చూచినాడు. లోపల పచ్చగా ఉన్నది. “సార్, ఇది చావలేదు. ఇప్పుడే ఎండల పెట్టకండి, ఎరువు వేయకండి. నాలుగు దినాలు నీడల ఉంచండి. మా నాయన నారు అట్లనే చేస్తడు” అన్నాడు. ఎనిమిదింటిలో మూడు బ్రతికినవి. ఆ మూడును అతని మాటవలన బ్రతికినవే.

ఈ సంవత్సరం అతనిని ఒక సాయంకాలం టీకి పిలిచి అడిగినాము, పెట్టెమీద మొక్కలున్నవని, ఈ వైపు పైకి అని బాణం గుర్తు వేసినా ఎందుకు తలక్రిందు చేస్తారని. అతడు నవ్వి, “రోజుకు నూరు దాకా ఉంటవి సార్. బండి మీద పేర్చేటప్పుడు బాణం ఎవరు చూస్తరు? ఒక్క ఇంటి ముందర అయిదు నిమిషాలు ఆగితే సాయంత్రానికి ఇరవై మిగులుతవి” అన్నాడు. ఇట్టి పనులు చేసేవారు 2020-21లో మన దేశంలో 77 లక్షలనీ, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసినది. వారి ప్రస్తావన మన చట్టాలలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో వచ్చినది. మనం ఫోను ఎత్తక, ఓటీపీ చెప్పుటకు మేడ దిగక ఆలస్యం చేసే అయిదు నిమిషాలు ఎవరి లెక్కలో పడుతున్నవో ఆ రోజున తెలిసినది. మేము అప్పటినుండి మొక్కల పార్సెలు శుక్ర, శనివారాలలో చేరేటట్లు తెప్పించుట మానినాము. వచ్చే రోజున ప్రకృతి సంఘం నుండి ఒక విద్యార్థి గేటు దగ్గర ఉంటున్నాడు.

పార్సెలు చేతికి రాగానే విప్పాలి. బట్టలైతే రెండు రోజులు మూలన పడియున్నా నష్టం లేదు. మొక్క, వానపాముల ఎరువు, విత్తనం జీవమున్నవి. విప్పేటప్పుడు ఒకరు ఫోనులో చిత్రం తీయాలి. పెట్టెమీది చీటీ, పొట్లంమీది అచ్చు, లోపలి స్థితి, మూడును అందులో కనబడాలి. గత సంవత్సరం మేము అట్టపెట్టెను, పొట్లాలను పారవేసి, విత్తనాలు మొలవని పిమ్మట ఫిర్యాదుకు కూర్చున్నాము. చేతిలో ఆధారం లేదు, ఒక్క రూపాయి తిరిగి రాలేదు. పాపం సగం వారిది, సగం మాది. ఎలక్ట్రానిక్ వ్యాపారానికి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెల లోపల పరిష్కరించవలెను. అంతటితో తీరకున్న, 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు తానున్న జిల్లాలోనే రెండేండ్ల లోపల వినియోగదారుల కమిషనులో దావా వేయవచ్చును, అమ్మినవాని ఊరికి పోనక్కరలేదు. ఈ సంవత్సరం పగిలివచ్చిన ఒక కుండీ చిత్రం పంపగా నాలుగవ రోజున 180 రూపాయలు తిరిగి వచ్చినవి. చిత్రం తీసినది మొదటి సంవత్సరం విద్యార్థిని. చట్టం తెలిసిన మేము కాదు.

విత్తనాల పొట్లంమీద వెలకన్న ముందు చూడవలసినది పరీక్ష తేదీ. ప్రభుత్వం ప్రకటించిన రకాలకు మొలక శాతం, శుద్ధత, పరీక్ష జరిపిన తేదీ చీటీమీద ఉండాలని 1966 నాటి విత్తనాల చట్టం ఏర్పాటు. సాధారణంగా ఆ పరీక్ష తొమ్మిది నెలల వరకు చెల్లుతుంది. టమాటకు కనీసం నూటికి 70, క్యారెట్‌కు 60 మొలకలు ప్రమాణం. గత సంవత్సరం తగ్గింపు ధరకు వచ్చిన బంతి పొట్లం ఒకటి బీరువా అడుగున దొరకగా చూచినాము: గడువు మేము కొనుటకు నాలుగు నెలల ముందే తీరినది. తగ్గింపు ఎందుకో అప్పుడు అర్థమైనది. ఇరవై గింజలను తడిగుడ్డలో చుట్టి ఉంచగా ఆరు మాత్రమే మొలచినవి. ఈ తడిగుడ్డ పరీక్ష ఎవరైనను చేయవచ్చును, వారం రోజులకన్న పట్టదు. గులాబీ రంగు పూత ఉన్న విత్తనాలకు మందు పట్టించియుంటారు. వాటిని ముట్టిన చేతులు కడుగుకొనవలెను, మిగిలినవి పిట్టలకు వేయరాదు. మనం అడుగకుండా ఏదైన విత్తనాల పొట్లం ఇంటికి వస్తే నాటరాదు. 2020లో పలు దేశాలలో ఇండ్లకు అట్టి పొట్లాలు రాగా, మన కేంద్ర వ్యవసాయ శాఖయును హెచ్చరిక చేసినది.

ఇక కాలం లెక్క. పువ్వు కావలసిన రోజునుండి వెనుకకు లెక్కించాలి. బంతి నారు పోసిన 25, 30 రోజులకు నాటుటకు వస్తుంది. నాటిన 45, 50 రోజులకు పూస్తుంది. జనవరి 26న మడి నిండుగా ఉండవలెనంటే అక్టోబరు మొదటి వారంలో నారు పోయాలి. అనగా సెప్టెంబరులో విత్తనం చేతిలో ఉండాలి. పెటూనియాకు ఇంకను ఎక్కువ కాలం పడుతుంది. గత సంవత్సరం మేము దీపావళి తగ్గింపుల కొరకు కాచుకొని కూర్చున్నాము. పండుగ రద్దీలో పార్సెలు చేరేసరికి నవంబరు రెండవ వారం. అంగడికి పండుగ కాలమే కాలం గాని, నేలకు దాని లెక్క దానికి కలదు. పెటూనియాలు పూతకు వచ్చేసరికి మార్చి ఎండలు తగిలి వాడినవి.

ఈ సంవత్సరం సెప్టెంబరు చివరనే ఆరు మడులను అడుగు లోతు త్రవ్వి, వాన తెరపి ఇచ్చిన రోజులలో ఎండనిచ్చినాము. బాగా చివికిన పశువుల ఎరువు చదరపు మీటరుకు మూడు కిలోలు, రెండు గుప్పెళ్ళ వేపపిండి కలిపినాము. ఎరువు మాత్రం ఫోనుమీద తెప్పించలేదు. మాలి తమ్ముని దొడ్డిలో ఉన్న దానిని ఆటోలో తెచ్చినాము, బాడుగ మాత్రమే ఖర్చు. కొబ్బరి పొట్టు ఇటుక తెప్పించినాము. అయిదు కిలోల ఇటుక నీటిలో విచ్చుకొంటే పెద్ద తొట్టి నిండుతుంది. అందులో ఉప్పు ఉంటుంది గనుక రెండు సార్లు మంచినీటితో కడిగి పిండిన పిమ్మటనే వాడాలి. ఇది మాకు గత సంవత్సరం నారు అంచులు మాడిన తరువాత గాని తెలియలేదు. పెటూనియా విత్తనం గ్రాముకు దాదాపు పదివేలు ఉంటుంది, ధూళితో సమానం. సన్నని ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టి కప్పక, అరచేతితో అదిమితే చాలు. దానికి మొలచుటకు వెలుతురు కావాలి. నారుమడికి ఉదయమే కొద్దిగా నీరు పోయాలి. ఎక్కువైతే మొదలు కుళ్ళి నారు పడిపోతుంది. క్యారెట్, ముల్లంగి పీకి నాటేవి కావు, ఉన్నచోటనే విత్తాలి. అమ్మ కోరికపై ఒక మడిలో కొత్తిమీర, పుదీనా వేసినాము. రంజాన్ మాసం ఏటేటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోనికి వచ్చినది గదా, ఇఫ్తారు నాటికి పచ్చడి ఆకు మన మడిలోనే ఉంటుందని ఆమె వాదన. మాకు ఎదురు చెప్పుటకు కారణం కనబడలేదు.

బ్రతికిన మూడు గులాబీలను అక్టోబరు మధ్యలో కత్తిరించినాము. ఎండినవి, ఒకదానినొకటి రాచుకొనే కొమ్మలు తీసి, బయటివైపు చూచే కన్నుకు పైన ఏటవాలుగా కోసినాము. అంటు గుబురుకు దిగువనుండి వచ్చే చిగుళ్ళు అడవి గులాబీవి, వాటిని కనికరం లేకుండా తీసివేయాలి. కత్తిరించిన 45, 50 రోజులకు పూలు వస్తవి. డిసెంబరు మొదటి వారంలో వచ్చినవి.

చామంతుల సంగతి చివరకు మిగిలినది గాని, మాకు ఎక్కువ సంతోషమిచ్చినది అదియే. గేటు దగ్గర వరుసగా పెట్టిన పన్నెండు కుండీలు గత సంవత్సరం ఏపుగా పెరిగి, మొగ్గ తొడుగలేదు. మట్టి మంచిది కాదని మాలి, ఎరువు చాలలేదని మేము, దిష్టి తగిలినదని కాపలాదారు అనుకొన్నాము. కారణం గేటుమీది దీపం. రాత్రి నిడివి పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్కలు కొన్ని కలవు, చామంతి అట్టిదే. గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో పొగాకు మొక్కమీద ఈ రహస్యాన్ని బయటపెట్టినారు. రాత్రి నడుమ దీపం వెలిగితే మొక్క దానిని పొట్టి రాత్రిగా భావించి ఆకులే వేస్తుంది. వృక్షశాస్త్ర విద్యార్థులు పరీక్షలో ఈ సంగతి ప్రతి సంవత్సరం వ్రాస్తూనే ఉన్నారు. ఆ దీపం క్రిందనుండే గేటు దాటి ఇండ్లకు పోవుచున్నారు. సెప్టెంబరులో పన్నెండు కుండీలను గ్రంథాలయం వెనుక చీకటిలోనికి మార్చినాము. పైసా ఖర్చు లేదు. నవంబరు చివరకు పదకొండు పూసినవి. పన్నెండవ దానిని మేక మేసినది.

ఈ సంవత్సరం 54 మంది విద్యార్థులు 2,700 రూపాయలు ఇచ్చినారు. ఖర్చు, తిరిగి వచ్చిన 180 పోను, 2,060. మిగిలిన 640 రూపాయలు గ్రంథాలయ గుమాస్తా వద్ద ఉన్నవి, చీటీలు కూడా ఆయన వద్దనే చూడవచ్చును. నాటు బంతి పూలను కొన్నింటిని చెట్టుమీదనే ఎండనిచ్చి, గింజలు తీసి, తేదీ వ్రాసిన కాగితపు కవర్లలో పెట్టినాము. సంకర జాతి వాటి గింజలు తల్లిని పోలి రావు గనుక వాటిని దాచలేదు. వచ్చే సెప్టెంబరుకు పెటూనియా, క్యారెట్, కాలీఫ్లవర్ విత్తనాలు మాత్రం తెప్పించవలసియున్నది. గ్రంథాలయం వెనుక కొళాయి జనవరినుండి కారుచున్నది; మూడవ మడిలో నీరు నిలిచి రెండు వరుసల క్యారెట్ కుళ్ళినది. దానిని బాగుచేయించవలసినదిగా నిర్వాహక సంఘానికి రెండు పర్యాయములు వ్రాసియున్నాము.